ప్రసాదం దోసిట్లో, మధుమేహం దేహంలో

మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలైన బతుకమ్మ, దుర్గాష్టమి నాడు సద్దులతో సాగిపోతుంది. సూర్యాపేట జిల్లా తిరుమలగిరి మొదలుకొని తెలంగాణలోని ప్రతి పల్లెలోనూ ఆ సాయంత్రం ఒకటే కోలాహలం. పెరుగన్నం, పులిహోర, నువ్వుల సత్తు, పల్లీల సత్తు, కొబ్బరి సత్తు, వీటన్నిటితోపాటు మలీద ముద్దలు! చెరువులో బతుకమ్మను సాగనంపి, పసుపు గౌరమ్మను పుస్తెలకు అద్దుకుని, గట్టున కూర్చుని ఒకరి సద్దులు ఒకరికి పంచుకోవడంతో పండుగ సంపూర్ణమవుతుంది. ఆ తొమ్మిది రోజులే కాదు, మన పండుగలన్నీ తీపితోనే ముడిపడి ఉన్నాయి. ఉగాదికి భక్ష్యాలు, శ్రీరామనవమికి పానకం, బోనాలకు బెల్లపు పరమాన్నం, వినాయక చవితికి ఉండ్రాళ్లు, సంక్రాంతికి అరిసెలు. మేడారం వనదేవతలకైతే బెల్లమే బంగారం.

ఈ తీపి పంపకాల నడుమ ఇప్పుడు చాలా ఇళ్లలో ఒక మౌనవేదన వినిపిస్తోంది. రొట్టెలు కాల్చి, బెల్లం దంచి, ముద్దలు కట్టిన ఇంటి పెద్దావిడే వాటిని నోట పెట్టుకోలేదు. ఆమెకు మధుమేహం. కోడలు "వద్దత్తమ్మా, మొన్ననే డాక్టరు చెప్పిండు కదా" అంటుంది. పక్కింటావిడ "అమ్మవారి ప్రసాదం, కాదనొద్దు వదినా, ఏమీ కాదు" అంటుంది. ఇద్దరూ ఆమె మేలు కోరినవారే. నడుమ నలిగేది ఆమె.

ఇది ఒక ఇంటి ముచ్చట కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలు. ఆ గడపదాకా వచ్చి నిలిచినవారు మరో 13 కోట్ల 60 లక్షలు. అంటే గుడి ముందు ప్రసాదం వరుసలో నిలబడిన వారిలో చక్కెర జబ్బు ఉన్నవారు లేకుండా ఉండరు. వారిలో కొందరు "దేవుడి ప్రసాదానికి దోషం లేదు" అనుకుని దోసిలి నిండా తింటారు. మరికొందరు భయపడి, చేయి చాచడమే మానేస్తారు. పండుగపూట ఇంట్లో అందరూ కూర్చుని తింటుంటే తామొక్కరే లేచి వెళ్లిపోతారు. మొదటి పని దేహానికి చేటు. రెండోదాని బాధ వైద్యపరీక్షలో కనబడదు గానీ, అదీ తక్కువది కాదు.

ఈ రెండింటికీ నడుమ దారి ఉందా? ఉంది. కొత్తగా కనిపెట్టనక్కరలేదు. మన యజ్ఞశాలలోనూ, వైద్యగ్రంథాలలోనూ, తెలంగాణ పొయ్యి దగ్గరా అది ఎప్పటినుంచో ఉన్నదే.

యవగింజంత యజ్ఞశేషం

కాల్చిన పిండివంట అనగానే నేటి పిల్లలకు బేకరీ గుర్తుకొస్తుంది. కానీ పిండిని నిప్పుల మీద కాల్చి దైవానికి సమర్పించడం వేదకాలం నాటి ఆచారం. దర్శపూర్ణమాస యాగాలలో బియ్యపు పిండితోగానీ, యవల పిండితోగానీ చేసే పురోడాశం అలాంటిదే. దానిని మట్టి పెంకుల మీద కాలుస్తారు. ఆ పెంకులకే కపాలాలని పేరు. అగ్నిదేవునికి ఎనిమిది కపాలాల మీద కాల్చిన పురోడాశం సమర్పిస్తారు కనుక దానిని అష్టాకపాలం అన్నారు. అందులో బెల్లం లేదు, తేనె పాకం లేదు. పిండి, నీరు, నిప్పు, పైన కాస్త నెయ్యి. దేవతలకు ప్రీతిపాత్రమైన హవిస్సు ఇంత సాదాసీదాది!

ఆహుతి ఇచ్చాక మిగిలిన పురోడాశాన్ని ఋత్విజులు పంచుకుంటారు. అందులో బ్రహ్మ స్థానంలో కూర్చున్న ఋత్విజునికి చెందే భాగాన్ని ప్రాశిత్రం అంటారు. దాని పరిమాణం ఎంతో తెలుసా? యవగింజంత! శతపథ బ్రాహ్మణం ఈ ప్రాశిత్రం గురించి ఒక కథ చెబుతుంది. దానిని చూసిన భగుని కన్నులు దగ్ధమయ్యాయట. రుచి చూసిన పూషుని దంతాలు ఊడిపోయాయట. అప్పటినుంచి పూషునికి నమలనక్కరలేని పిండి హవిస్సే సమర్పిస్తున్నారట. ఆ కథకు యాజ్ఞికులు చెప్పే అర్థం వేరు. అయినా, అదుపు తప్పిన మధుమేహం కంటిపొరలనూ పళ్ల చిగుళ్లనూ దెబ్బతీస్తుందని తెలిసినవారికి, ఈ భగ పూషుల కథ చదివితే ఒక్క క్షణం చూపు ఆగుతుంది.

మనం గమనించవలసినది ఆ పరిమాణాన్ని. యజ్ఞఫలం అందడానికి యవగింజంత చాలినప్పుడు, గుడిలో అర్చకస్వామి అరచేతిలో ఉంచిన చిటికెడు ప్రసాదంతో భక్తునికి లోటేముంటుంది? ప్రసాదమంటే అనుగ్రహం. అనుగ్రహాన్ని తక్కెడలో తూచే ఆచారం మన శాస్త్రాలలో ఎక్కడా లేదు.

మంగళగిరి కొండమీది పానకాల స్వామి సంగతి తెలుగువారందరికీ తెలిసినదే. భక్తుడు తెచ్చిన బెల్లపు పానకాన్ని స్వామి నోట్లో పోస్తే, సగం స్వీకరించి సగం తిరిగి ఇస్తాడని విశ్వాసం. అంత పానకం పోసినా అక్కడ చీమలు చేరవని కూడా భక్తులు చెప్పుకుంటారు. స్వామే సగంతో సరిపెట్టుకుంటున్నాడు. మనం బిందెడు తాగాలని పట్టుబట్టడం దేనికి?

చరకుడు నిందించిన బెల్లం

చీమల ప్రస్తావన వచ్చింది కనుక వైద్యగ్రంథాల దగ్గరికి వెళదాం. మూత్రానికి చీమలు పట్టడాన్ని చరకుడు ప్రమేహానికి ముందుగా కనిపించే గుర్తులలో ఒకటిగా చెప్పాడు. ఆ వ్యాధి ఎందుకు వస్తుందో చెబుతూ ఆయన ఇచ్చిన పట్టిక చూస్తే, నిన్నటి వైద్యుడు నేటి మన ఇంటికొచ్చి చూసి రాసినట్టుంటుంది. కూర్చున్నచోటి నుంచి కదలని సుఖం, అతినిద్ర, పెరుగు, పాలు, కొత్త ధాన్యపు అన్నం, బెల్లంతో చేసిన రకరకాల వంటకాలు.

బెల్లంతో చేసిన వంటకాలు! ఈ మాటను మరోసారి చదవాలి. ఎందుకంటే, "చక్కెరైతే చెడ్డది, బెల్లమైతే ఫరవాలేదు" అన్న నమ్మకం మన ఊళ్లలో బలంగా నాటుకుపోయింది. మధుమేహం ఉన్న ఎందరో చాయ్‌లో చక్కెర మానేసి బెల్లం వేసుకుంటూ, పథ్యం పాటిస్తున్నామని తృప్తి పడుతున్నారు. బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలున్న మాట నిజమే. కానీ అందులోనూ ప్రధానంగా ఉన్నది చక్కెరలోని సుక్రోజే. రక్తంలోకి చేరాక అది బెల్లం నుంచి వచ్చిందా, పంచదార నుంచి వచ్చిందా అని దేహం అడగదు. తేనె సంగతీ, ఖర్జూరం సంగతీ అంతే. ఏ తీపినైనా చెంచాలతో కొలిచి లెక్కలో వేసుకోవలసిందే.

మరి ప్రమేహరోగి తినవలసిందేమిటి? చరకుని జవాబు యవలు. యవల అన్నం, యవల సత్తు, యవలతో చేసిన అపూపాలు. అపూపమంటే అప్పం, పిండిని కాల్చిగానీ నేతిలో వేయించిగానీ చేసే భక్ష్యం. ఋగ్వేదంలోనే కనిపించే ఈ పిండివంటను చరకుడు రోగి విస్తరిలోంచి తీసేయలేదు. ధాన్యం మార్చి వడ్డించాడు. ఈ వివేకాన్ని మనం సరిగా గుర్తించలేదని నా అభిప్రాయం. యవల్లో, అంటే బార్లీలో, బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంటుంది. అది పేగుల్లో జిగటగా పరుచుకుని, చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుందని నేటి పోషకశాస్త్రం చెబుతోంది.

సుశ్రుతుడు మరో అడుగు ముందుకు వేశాడు. పుట్టుకతో వచ్చే ప్రమేహం వేరు, అపథ్యం వల్ల వచ్చేది వేరు అని విడదీశాడు. రెండో రకం రోగి పేదవాడైతే చెప్పులూ గొడుగూ లేకుండా, భిక్షాన్నం తింటూ, ఊరికొక రాత్రి చొప్పున నూరు యోజనాలు నడవమన్నాడు. ధనవంతుడైతే చామలు, నివ్వరి బియ్యం వంటి మునిధాన్యాలతో కాలం గడపమన్నాడు. దున్నడం, బావి తవ్వడం కూడా చికిత్సలో భాగమే. కాలికి దెబ్బ తగిలితే మానని మధుమేహికి చెప్పులు లేని నడక నేడు ఏ వైద్యుడూ చెప్పడు. గుడి ప్రదక్షిణలకూ పాదయాత్రలకూ వెళ్లేవారు పాదాలు ముందూ వెనుకా చూసుకోవడం తప్పనిసరి. నడక, చిరుధాన్యం అన్న రెండు మాటలు మాత్రం ఇన్ని శతాబ్దాల తర్వాతా చెక్కుచెదరలేదు.

లడ్డూ లెక్క

తిరుమల శ్రీవారి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. దాని తయారీకి దిట్టం అనే కొలతల పట్టిక ఉంది. పత్రికల్లో పలుమార్లు వచ్చిన ఆ దిట్టం ప్రకారం 5,100 లడ్డూలకు 180 కిలోల శనగపిండి, 165 కిలోల నెయ్యి, 400 కిలోల చక్కెర, 8 కిలోల కలకండ, జీడిపప్పు, కిస్‌మిస్, యాలకులు పడతాయి. చక్కెర, కలకండ కలిపి లడ్డూల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్క లడ్డూలో దాదాపు 80 గ్రాములు. పైనుంచి చేర్చే తీపి రోజు మొత్తం మీద 25 గ్రాముల లోపు ఉంటే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఆ లెక్కన ఒక లడ్డూ అంటే మూడు రోజుల తీపి. అదీ మధుమేహం లేనివారికి.

ఇది చదివి లడ్డూను తప్పుపట్టనక్కరలేదు. ఆ లడ్డూ ఒక్కరు కూర్చుని తినడానికి పుట్టినది కాదు. కొండనుంచి ఎవరైనా వస్తే ఇంటింటికీ చిదిపి పంచడం మన ఊరి ఆచారం. అలా పంచితే ఒక లడ్డూ పదహారు మందికి సరిపోతుంది. ఒక్కొక్కరికి 5 గ్రాముల చక్కెర. భోజనం ముగిశాక, పప్పూ కూరగాయలూ కడుపులో ఉండగా ఆ చిదుపు కళ్లకద్దుకుని తింటే, చక్కెర అదుపులో ఉన్న మధుమేహికి పెద్దగా ఇబ్బంది రాదు. పంచే అలవాటు పోయి, మనిషికొక లడ్డూ చొప్పున డబ్బాలు నింపుకోవడం మొదలయ్యాకే చిక్కు వచ్చింది.

మన పెద్దలు నైవేద్యమంటే తీపే అని ఎన్నడూ అనుకోలేదన్నది మరో సంగతి. శ్రీరామనవమికి పానకంతోపాటు వడపప్పు ఉంది. వరలక్ష్మీ వ్రతంలో వాయనమిచ్చేది నానబెట్టిన శనగలు. నవరాత్రులలో గుగ్గిళ్లు. ఇవన్నీ పీచూ మాంసకృత్తులూ ఉన్న పప్పుధాన్యాలు, రక్తంలో చక్కెరను మెల్లగా పెంచేవి. పానకం ఒక ఉద్ధరిణె తీర్థంగా పుచ్చుకుని, వడపప్పు దొప్పెడు తినవచ్చు. వినాయకునికి ఆవిరి మీద ఉడికిన కుడుముల్లో బియ్యపు రవ్వ తగ్గించి శనగపప్పు పెంచితే ఆయనేమీ అలగడు.

పొయ్యి దగ్గరి మార్పులు

ఇక మలీద దగ్గరికి వద్దాం. రొట్టెలు కాల్చి, వేడి మీదే చిదిమి, బెల్లమూ నెయ్యీ కలిపి ముద్దలు కట్టేదే మలీద. బతుకమ్మకే కాదు, పీర్ల పండుగలోనూ మలీద పంచుతారు. మతాలకు అతీతంగా తెలంగాణ అరచేతిలో పడిన తీపి ఇది. ఇప్పుడు చాలామంది గోధుమపిండితోనే చేస్తున్నారు. జొన్న, సజ్జ రొట్టెలతోనూ చేయవచ్చు. మధుమేహం ఉన్న ఇంట్లో ఆ రొట్టెల మలీదకే పీట వేయాలి. జొన్నరొట్టెల మలీదలో బెల్లాన్ని అలవాటులో సగానికి తగ్గించి, ఆ మేరకు వేయించిన నువ్వుల పొడి, పల్లీల పొడి, ఎండుకొబ్బరి తురుము కలపాలి. నువ్వుల నూనెదనం వల్ల ముద్ద విడిపోకుండా నిలుస్తుంది. యాలకుల పొడి కాస్త ఎక్కువ వేస్తే తీపి తగ్గిన సంగతి నాలుకకు తెలియదు. నిమ్మకాయంత ముద్ద ఒకటి చాలు. జొన్న కూడా పిండిపదార్థమే కనుక, "జొన్నదే కదా" అని నాలుగు ముద్దలు తింటే ఫలితం మళ్లీ మొదటికే వస్తుంది.

పట్టణాల్లోనే కాదు, మండల కేంద్రాల్లోనూ ఇప్పుడు బేకరీలు వెలిశాయి. పుట్టినరోజు కేకులు సరే, దిల్‌పసందులూ ఉస్మానియా బిస్కెట్లూ పండుగపూట అతిథులకు పెట్టే పళ్లెంలోకి చేరాయి. మైదా, చక్కెర, కొవ్వు ఈ మూడింటి కూడిక అది. "షుగర్ ఫ్రీ" అని రాసి ఉన్న డబ్బా చూసి మురిసిపోయేవారికి ఒక హెచ్చరిక. అందులో చక్కెర లేకపోవచ్చు, మైదా ఉంటుంది. అది రక్తంలో గ్లూకోజుగానే మారుతుంది. మాల్టిటాల్, సార్బిటాల్ వంటి తీపిద్రవ్యాలు కలిపి ఉంటే వాటిలోనూ కొంత పిండిపదార్థం ఉంటుంది, ఎక్కువ తింటే కడుపు కదులుతుంది. ఇంట్లో కృత్రిమ తీపితో కాల్చే వంటలు చేయదలచినవారు, ఆస్పర్టేమ్ వేడికి తీపి కోల్పోతుందని గుర్తుంచుకోవాలి. బరువు తగ్గడానికని ఇలాంటి తీపిద్రవ్యాలను వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ సూచన ఇప్పటికే మధుమేహం ఉన్నవారిని ఉద్దేశించినది కాదు. వారు వాడాలా వద్దా అన్నది తమ వైద్యునితో తేల్చుకోవాలి. నాకైతే, దేవుని ముందు పెట్టే పళ్లెంలో తెలియని పొడులకన్నా తెలిసిన బెల్లం చిటికెడు వేయడమే బాగనిపిస్తుంది.

అలా చిటికెడు బెల్లంతో కాల్చుకోదగిన ఒక వంట చెబుతాను. జొన్నపిండి 100 గ్రాములు, శనగపిండి 50, వేయించి కచ్చాపచ్చాగా దంచిన నువ్వులు 50, పల్లీల పొడి 50, నెయ్యి 40, బెల్లం తురుము 30, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి తీసుకోవాలి. శనగపిండిని ముందుగా కమ్మని వాసన వచ్చేదాకా దోరగా వేయించాలి. లేకుంటే పచ్చివాసన వేస్తుంది. అన్నీ కలిపి, గోరువెచ్చని పాలు కొద్దికొద్దిగా చిలకరిస్తూ గట్టి ముద్ద చేయాలి. ఇరవై ఉండలు చేసి, అరచేతిలో బిళ్లలుగా అద్ది, ఓవెన్ ఉంటే 160 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు కాల్చాలి. లేనివారు మందపాటి గిన్నెలో రెండంగుళాల ఎత్తున ఇసుకగానీ ఉప్పుగానీ పోసి, మూతపెట్టి బాగా వేడెక్కనిచ్చి, లోపల చిన్న ఎత్తుపీట మీద బిళ్లల పళ్లెం ఉంచి, సన్నని సెగ మీద అరగంటకు పైగా కాల్చవచ్చు. జొన్నపిండికి జిగురు ఉండదు కనుక అంచులు పగులుతాయి. కంగారు పడనక్కరలేదు, చల్లారాక గట్టిపడతాయి. వేడి మీద కదిపితే మాత్రం పొడి అవుతాయి. ఒక్కో బిళ్లలో బెల్లం గ్రామున్నర. పిండిపదార్థం మొత్తం 7 గ్రాముల చుట్టూ ఉంటుంది, శక్తి 80 కేలరీల లోపు. రెండు బిళ్లలు నివేదన చేసి తింటే మనసూ నిండుతుంది, లెక్కా తప్పదు.

తీపి మీదే దృష్టి పెట్టి అన్నాన్ని మరచిపోతే అసలు సంగతి విడిచిపెట్టినట్టే. ఒకప్పుడు తిరుమలగిరి ప్రాంతపు మెట్ట చేలలో జొన్న, సజ్జ పండేవి. కాలువ నీరు వచ్చాక వరి విస్తరించింది. 2025 ఉగాది నాడు మన జిల్లాలోని హుజూర్‌నగర్‌లోనే చౌకధరల దుకాణాల ద్వారా సన్నబియ్యం పంపిణీ మొదలైంది. అదే ఏడాది జూలై 14న తిరుమలగిరిలో కొత్త రేషన్ కార్డుల పంపిణీ ప్రారంభమైంది. పేదవాని పళ్లెంలోకి సన్నన్నం రావడం సంతోషించదగినదే. అయితే మూడుపూటలా తెల్లన్నమే తినే మధుమేహికి, ఏడాదికోసారి వచ్చే మలీద ముద్దకన్నా రోజూ తినే అన్నపు కుప్పే ఎక్కువ చేటు. ఏ ఆహారం ఎంత వేగంగా చక్కెరను పెంచుతుందో కొలిచే గ్లైసీమిక్ ఇండెక్స్ అన్న పద్ధతిని 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రవేశపెట్టింది. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు రూపొందించిన తెలంగాణ సోనా బియ్యానికి ఆ సూచిక మిగతా సన్నాల కంటే తక్కువ. ఆ బియ్యం ఎంచుకోవడం మంచిదే. ఎంత తింటున్నామన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

కోసలరాజు భోజనం

ఈ ప్రశ్నకు జవాబు తిరుమలగిరికి చేరువలో ఉన్న ఫణిగిరి కొండ గుర్తుచేస్తుంది. ఆ కొండమీద శాతవాహన, ఇక్ష్వాకుల కాలాల నాటి బౌద్ధారామం అవశేషాలున్నాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరపు శాసనం ఒకటి అక్కడ దొరికింది. ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించిన దాత ఒక అగ్రవైద్యుడని అది చెబుతోంది. పగటి భోజనంతో సరిపెట్టుకుని, మధ్యాహ్నం దాటాక ముద్ద ముట్టని భిక్షువులు నివసించిన కొండకు వైద్యుడు కానుక ఇవ్వడం ముచ్చటగా ఉంది కదా!

ఆ భిక్షువులు పారాయణ చేసిన సంయుక్త నికాయంలో కోసలరాజు ప్రసేనజిత్తు కథ ఉంది. ఆయన ద్రోణమెడు బియ్యపు అన్నం తినేవాడు. ఒకనాడు భోంచేసి, ఆయాసపడుతూ బుద్ధ భగవానుని దర్శనానికి వచ్చాడు. మితంగా తినేవాని బాధలు తగ్గుతాయనీ, వార్ధక్యం మెల్లగా వస్తుందనీ అర్థం వచ్చే నాలుగు మాటలు భగవానుడు పలికాడు. రాజు వెంట ఉన్న సుదర్శనుడనే యువకుని ఆ మాటలు కంఠస్థం చేయమని, తాను భోంచేసే ప్రతిసారీ వినిపించమని రాజు ఆజ్ఞాపించాడు. అందుకు నూరు కార్షాపణాల వేతనం! ఎలా తగ్గించాడన్నది వ్యాఖ్యాన గ్రంథాలు వివరిస్తాయి. చివరి ముద్ద చేతిలోకి తీసుకునే వేళకు యువకుడు ఆ మాటలు పలుకుతాడు. రాజు ఆ ముద్ద వదిలేస్తాడు. అందులో ఎన్ని మెతుకులున్నాయో చూసి మర్నాడు అన్ని గింజలు తగ్గించి వండుతారు. అలా ద్రోణం నుంచి నాళికకు దిగివచ్చాడు. ఒక్కరోజులో అన్నం మానేయమని ఇంట్లో పెద్దవారి మీద కేకలు వేసే పిల్లలు ఈ కోసల పద్ధతిని ప్రయత్నించవచ్చు. డబ్బాలోంచి బియ్యం తీసేటప్పుడు వారానికి ఒక గుప్పెడు తిరిగి డబ్బాలో వేస్తే చాలు. ఆ ఖాళీలో పప్పు, ఆకుకూర చేరుతాయి.

ఉపవాసం నాటి జాగ్రత్త

తీపి ఎక్కువైతే వచ్చే ముప్పు మెల్లగా వస్తుంది. అసలు తినకపోతే వచ్చేది నిమిషాల్లో వస్తుంది. కార్తీక సోమవారాలు, ఏకాదశి, శివరాత్రి, శనివారాలు అంటూ మన ఆడవారు ఉపవాసాలుంటారు. ఉదయం ఇన్సులిన్ తీసుకునో, గ్లైమిప్రైడ్ వంటి మాత్ర వేసుకునో, ఆపైన ఏమీ తినకుండా నక్షత్ర దర్శనం దాకా ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం, మాట తడబడటం కనిపిస్తాయి. గుడిలో దీని లక్షణాలు చూసి పూనకమని పొరబడ్డ సందర్భాలూ ఉంటాయి. పండ్లు, పాలు తీసుకుంటూ ఉండే ఫలాహార వ్రతమైనా సరే, మందు మోతాదు గురించి వారం ముందే వైద్యుణ్ని అడగాలి. చక్కెరను మూత్రంలోకి పంపే గ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవారైతే మరీ ముఖ్యం. వారు తిండీ నీళ్లూ మానితే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదముంది. బాలురు, వృద్ధులు, రోగులు ఉపవాసం విషయంలో శక్త్యానుసారం నడుచుకోవచ్చని ధర్మశాస్త్రకారులు వెసులుబాటు ఇచ్చే ఉన్నారు. వ్రతభంగమవుతుందన్న దిగులు అక్కరలేదు.

దురాజ్‌పల్లి పెద్దగట్టుమీద రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల స్వామి జాతరకు వెళ్లినా, కార్తీకంలో కృష్ణ ఒడ్డున మట్టపల్లి నరసింహస్వామి సన్నిధికి వెళ్లినా, మధుమేహానికి మందులు వాడేవారు కొంగున చిన్న బెల్లపు గడ్డ ముడి వేసుకుని వెళ్లాలి. ఇంతసేపూ కొలిచి కొలిచి తినమన్న బెల్లమే అప్పుడు ఔషధం. చెమట పట్టి, చేతులు వణికితే దేవుని ముందు వరుసలో ఉన్నా ఆగనక్కరలేదు. ఆ గడ్డ నోట్లో వేసుకోవాలి, లేదా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. నెయ్యీ పిండీ కలిసిన లడ్డూ, మలీద ఆ వేళకు పనికిరావు, అవి ఆలస్యంగా అరుగుతాయి. పావుగంట ఆగి, తగ్గకపోతే మళ్లీ అంతే తీసుకోవాలి. తేరుకున్నాక ఏదైనా టిఫిన్ తిని, ఆ రోజుకు వ్రతం విరమించాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్లుగానీ పానకంగానీ పోయకూడదు. 108కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.